ఎడమ పక్క మనిషి

ఉప్పలన్న గురించి చెప్పాలంటె ముందు నా సిగ్గు చెప్పుకోవాలె.

కొత్తవాడల జంపఖానాలు నేసే మగ్గం ముందు ఇద్దరం కూసుంటం. నేను కుడి పక్క, ఉప్పలన్న ఎడమ పక్క. ఇరవై ఆరేండ్ల సంది గంతే. పేక, అంటె అడ్డం పోగును కొట్టే ఇనుప పంజా ఇద్దరిదీ ఒక్క తీరుగ పడాలె, లేకుంటె ఒక దిక్కు వదులైతది. అన్నకు చదువు రాదు గని, జంపఖానా తడిమి ఏ పక్క ఎవరు నేసిండ్రో చెప్తడు.

పోయినేడు ఇటలీల ఒర్వియెతో అనే ఊరికెల్లి మా సొసైటీకి ఉత్తరమొచ్చింది. ఇద్దరు నేతగాండ్లు మేళాకొచ్చి నేసి చూపెట్టాలెనట. ఫారం నింపింది నేనే. రెండో పేరు కాడ అల్లుడు ఒవైస్ పేరు రాసిన. సెల్‌ఫోన్ల దుకాణపోడు, పంజా ఎన్నడూ పట్టలే. "అబ్బాజాన్, ఆయనను గూడ తీస్కపో" అని బిడ్డ ఏడిస్తె కాదనలేకపోయిన. అన్నతోని మాత్రం "ఒక్కన్నే పిలిచిండ్రు" అన్న.

"పోయిరా తమ్మీ, మగ్గం ఫికర్ చేయకు" అన్నడు పిచ్చోడు.

ఆ ఊరు నిట్టనిలువు బండ మీదుంది. తాడుతోని గుంజే రైలెక్కి పోయినం. పైన పెద్ద చర్చి. గోడలకు నల్ల పట్టీ, తెల్ల పట్టీ, అచ్చం మా పట్టీల జంపఖానా! అన్న ఉంటె గోడను తడుముతుండె.

చౌరస్తాల మగ్గం ముందు కూసున్నం. ఇగ చూడు, నా దెబ్బ ఒక తీరు, ఒవైస్ దెబ్బ ఒక తీరు! "జర గట్టిగ కొట్టు బేటా" అంటె ఫోన్ల వీడియో తీస్తాండు. అందరు చప్పట్లు కొట్టిండ్రు. నాకవి చెంపదెబ్బలే.

నేసింది పారేసే అలవాటు మాకు లేదు. ఆ తునక ఇంటికి తెచ్చిన. ఉప్పలన్న "ఏదీ, చూడనియ్యి" అని ఒళ్లెకు గుంజుకున్నడు. కుడి పక్క తడిమి నవ్విండు. ఎడమ పక్కకు రాంగనే చెయ్యి ఆగింది.

"గిదెవరు నేసిండ్రు?"

"అల్లుడు. ఇద్దరిని పిలిచిండ్రు అన్నా. నీకు అబద్ధం చెప్పిన."

తిడ్తడనుకున్న. తిట్టినా పానం నిమ్మలపడుతుండె. అన్న శానసేపు ఆ వదులు పేకను వేళ్లతోని సదురుకుంట కూసున్నడు.

"అంత దూరం తోల్కపోతివి, పంజా పట్టుడన్న నేర్పకపోతివా తమ్మీ? మన పని గింతే అనుకోరా వాళ్లు?"

మన పని అన్నడు. లేసిపోయి మగ్గం కాడ ఎడమ పక్క కూసున్నడు. నేను తల వంచుకొని కుడి పక్కకు పోయిన.