అమ్మ కూర్చుని ఎంచిన బండలు

సోలాపూర్‌లో మా ఇంటి ముందుగదిలో గోడ నుంచి గోడ దాకా ఒక జంఖానా పరిచి ఉండేది. మందపాటి నూలు తివాచీ, ఎరుపు మీద నీలం చారలు. పెళ్లికి ముందు, చేతిమగ్గం ఆడించే రోజుల్లో, నాన్న స్వయంగా నేసింది. తర్వాత ఆయన పవర్‌లూమ్ మీద చద్దర్లు నేసే పనికి మారాడు. అయినా ఇంటికి ఎవరొచ్చినా, మంచినీళ్లకంటే ముందు జంఖానా అంచు ఎత్తి చూపించేవాడు. అంచు ఎత్తితే కింద పగిలిన గచ్చు కూడా కనిపించేది. దాన్ని చూడనట్టు ఉండడం మా వాడలో మర్యాద.

ఆ జంఖానా మీద రోజంతా కూర్చునేది మాత్రం అమ్మ. చాట ఒళ్లో పెట్టుకుని పొద్దున్నుంచి బీడీలు చుట్టేది. రాలిన తంబాకు పొడి ఏళ్ల తరబడి ఆ నూలు సందుల్లోకి దిగిపోయింది. నేను ఏడో తరగతిలో ఉండగా, నాన్నకు దీపావళి బోనస్ రాగానే అమ్మ మాట ఎత్తింది.

"ఈపారి కింద బండలు ఏపిద్దాం."

"జంఖానకు ఏమైంది? ఇంక ఇరవై ఏండ్లు నడుస్తది," అన్నాడు నాన్న.

"నడుస్తది. దాని కింద పురుగులు గూడ నడుస్తున్నయి. రా, చూపిస్త."

నాన్న చూడలేదు, అలిగాడు. ఆయన అలక పెద్దదేం కాదు. అన్నం తింటాడు, మారు మాత్రం అడగడు. మూడో రోజు ఆకలి గెలిచింది.

"సరే, గని నేనే ఎంచుత. డిజైన్ల సంగతి నీకేం ఎరుక?"

సెలవు రోజున ముగ్గురం బండల దుకాణానికి వెళ్లాం. నాన్న నేరుగా పువ్వుల టైల్స్ దగ్గరికెళ్లి, చద్దరు పరీక్షించినట్టు వంగి చూశాడు. "పువ్వుకు పువ్వు కలుస్తలేదు," అని పెదవి విరిచాడు. ఆయన నాలుగో రకానికి వంక పెడుతుండగా, అమ్మ చెప్పులు విప్పి ఒక టైలు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. సంచిలోంచి చాట తీసింది. తడిగుడ్డలో చుట్టి తెచ్చిన ఆకు తీసి, బీడీ చుట్టడం మొదలుపెట్టింది.

దుకాణదారు పరుగెత్తుకొచ్చాడు. "మావశీ, హే కాయ్ కర్తాయ్?" ఇదేం చేస్తున్నావు పిన్నీ, అని మరాఠీలో.

"బసూన్ బఘతే," అంది అమ్మ. కూర్చుని చూస్తున్నాను, అని.

ఒక్కో రకం మీద రెండేసి బీడీలు. ఒకటి జారుతోంది. ఇంకొకటి గుచ్చుకుంటోంది. మూడోదాని మీద పడిన తంబాకు పువ్వుల్లో కలిసిపోయి కనిపించడమే లేదు. నాన్న మెల్లగా బయటికెళ్లి, మేమెవరో తెలియనట్టు సిటీ బస్సుల కోసం చూడసాగాడు.

"ఓ బిడ్డా, మీ నాయినను పిలువు. దొరికింది!"

దొరికింది నున్నగా అరగదీసిన నల్ల షాబాదు బండ.

"నల్లదా? ఇల్లంత చీకటైతది," అన్నాడు నాన్న.

"ఒక్కపారి కూసో."

అటూ ఇటూ చూసి కూర్చున్నాడు. బయట ఎండ మండుతోంది, బండ చల్లగా ఉంది. ఆయన ఎంతకీ లేవకపోయేసరికి దుకాణదారు టీ తెప్పించాడు.

బండలు వేసే ముందురోజు జంఖానా తీసి, పక్కింటి పిట్టగోడ మీద ఆరేసి నాన్న కర్రతో దులిపాడు. తంబాకు మేఘం లేచింది. ఆ సాయంత్రం మా గల్లీ అంతా తుమ్మింది. పొడి సర్దుకున్నాక చూస్తే, జంఖానా మధ్యలో, అమ్మ కూర్చునే చోట, ఉత్త పోగులే మిగిలాయి. వాటి సందుల్లోంచి గోడ ఇటుకలు కనిపిస్తున్నాయి.

నాన్న కర్ర దించేశాడు. "గిట్లెప్పుడైందే?"

"నువ్వు అంచులే చూస్తివి గద," అంది అమ్మ.

నాన్న జంఖానా తనే మడిచి అటక మీద పెట్టాడు.

బండలు పరిచి, తడి ఆరాక, అమ్మ కొత్త నేల మీద చాట పట్టుకుని కూర్చుంది. నాన్న వచ్చి పక్కన కూర్చుని, "దారం నేను కడుత," అన్నాడు. పోగు తెగితే కళ్లు మూసుకుని అతికించే మనిషి, బీడీకి మగ్గం ముడే బిగించాడు. ప్రతి బీడీకీ నడుము నొక్కుకుపోయింది. పదిహేను కట్టి ఆయన గర్వంగా టీ తాగడానికి బయటికెళ్లాక, అమ్మ నాకు కన్నుగీటి, ఒక్కొక్కటే విప్పి మళ్లీ కట్టుకుంది.