గురమ్మ మూత తీసిన కుడితి బకెట్లు

బొబ్బిలిలో గురమ్మ ఉండే వీధిలో ఆవిడకి తెలియకుండా పప్పు కూడా ఉడకదు. ఐదో తరగతితో బడి మానేసింది గానీ ఆరా తీయడం మానలేదు.

ఆ వీధి కుడితంతా ఎల్లాజీ గేదెకే. బియ్యం కడుగు, కూర తొక్కులు, మిగిలిన మెతుకులు గుమ్మం పక్క బకెట్లో పోస్తారు. పొద్దున్నే ఎల్లాజీ పట్టుకుపోతాడు. ఆ గేదె పాలే మళ్లీ ఆ ఇళ్లకొస్తాయి.

కరోనాకి ఊరు మూసేసిన రోజుల్లో ఓ పొద్దున్న పాలు రాలేదు. ఉత్త చేతులతో ఎల్లాజీ గురమ్మ గుమ్మంలోకి వచ్చాడు.

"గేదె కడుపు ఉబ్బిపోనాదప్పా. నెమరు మానీసినాది. అది పోతే నా ఇల్లు గడవదు."

"ఏటి పెట్టినావురా?"

"తవుడు దొరకలేదు. బకెట్ల నిండా అన్నమే గదా అని అదే వొంపీసినాను."

"మనిషివేనా! అంతన్నం తింటే పశువు అరిగించుకుంటాదేటి? పో, సోడా ఉప్పు, నూనె కలిపి పట్టు."

అతన్ని తోలేసి, ముక్కుకి కొంగు చుట్టి, గుమ్మం గుమ్మానికీ వెళ్లి మూతలు తీసింది గురమ్మ. ఎదురింటి బకెట్లో సగానికి పైగా అన్నమే.

"ఏటే తులసీ, మీ ఇంట్లో పెళ్లా?"

"అందరూ ఇంట్లోనే ఉన్నారని ఎసట్లో నాలుగు గుప్పెళ్లు ఎక్కువ పోస్తన్నాను పిన్నీ. మరి మీ బకెట్టు సూసుకున్నావా?"

చూసుకుంది. అంచుదాకా తెల్లగా అన్నం. కోడలు హేమ మెల్లగా అంది: "రాత్రిపూట గిన్నె అడుగు కనబడకూడదన్నది మీరే గదత్తా."

గురమ్మ మూత పెట్టేయొచ్చు. పెట్టలేదు. బకెట్టు తెచ్చి వీధి మధ్యలో దించింది.

"సూడండర్రా! అన్నిటికన్నా మా ఇంటిదే ఎక్కువ. గిన్నెలో గుప్పెడు మెతుకులున్నా లక్ష్మి ఉన్నట్టే. ఇంక మిగిలింది పొద్దున్న మనమే తిందాం."

మర్నాడు అరుగు మీద అందరికీ కనబడేలా కూర్చుని, ఉల్లిపాయ నంజుకుంటూ సద్దన్నం తింది. ఎదురరుగు మీదకి తులసి కూడా గిన్నె తెచ్చుకుంది. ఆ సాయంత్రం గేదె నెమరేసిందని ఎల్లాజీ వీధి చివరి నుంచే కేకేశాడు.

కొన్నాళ్లకి మళ్లీ పాలు పోసి, అలవాటుగా బకెట్టు ఎత్తబోయాడు.

"ఆగరా. మూత తీసి సూడు."

చూశాడు. పల్చటి కడుగునీళ్లు, వాటి మీద తేలుతున్న ఆనపకాయ తొక్కులు.

"మెతుకు లేదప్పా!"

"గట్టిగా సెప్పు," అంది గురమ్మ, తులసి గుమ్మం వైపు చూస్తూ.