రిసీవర్‌లోంచి వచ్చిన మాట

2022 ఎండాకాలం. ప్రొద్దుటూరులో నా అంగడి. ఆంప్లిఫయర్లు, స్పీకర్లు అమ్ముతాను, బాగుచేస్తాను. ఎండ మండే మధ్యాహ్నాలు ఎవరూ రారు. అలాంటి వేళ తెల్లపంచె కట్టుకున్న ఒక పెద్దాయన లోపలికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా అల్మారాలన్నీ చూశాడు. తొండూరు మండలంలోని ఒక పల్లె ఆయనది. పేరు ఓబుళరెడ్డి. వెనకాల ఆయన కారు డ్రైవరు మాబు నిలబడ్డాడు.

"రికార్డులు ఆడించుకునేదానికి రిసీవర్ కావాల. శానా దుడ్లు పెట్టను. మోసం చేసినావంటే మళ్ళా వస్తా."

"మోసం చేస్తే మళ్ళీ ఎందుకొస్తారు పెద్దాయనా?"

"కొనేదానికి కాదులే వచ్చేది" అన్నాడు, నవ్వకుండా.

రిసీవర్ అంటే ఆంప్లిఫయరూ రేడియో కలిసి ఉండే పెట్టె. ప్లేయరు, టీవీ, ఏది తగిలించినా అందులోంచే స్పీకర్లకు పోతుంది. ఆయన పాత ఆంప్లిఫయరు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందట. వయసులో ఉన్నప్పుడు కొన్న నాటక పద్యాల రికార్డులు ట్రంకుపెట్టెలో మూలుగుతున్నాయి. అప్పటికే రెండు అంగళ్ళు తిరిగాడు. ఒకచోట ఐదు స్పీకర్ల హోమ్ థియేటర్ కొనమన్నారు. ఇంకోచోట వాట్లు ఎన్ని ఎక్కువుంటే అంత మంచిదన్నారు.

నేను ముందు ప్లేయరు చూపించమన్నాను.

"దాంతో నీకేం పని? లోపల సామాను మార్చేదానికా?"

"మీ ఎదురుగానే చూస్తా."

మాబు కారులోంచి తెచ్చాడు. నేను ముల్లు ఉండే కార్ట్రిడ్జి విప్పి చూస్తున్నంతసేపూ రెడ్డి నా వేళ్ళ మీదినుంచి చూపు తిప్పలేదు. అది మాగ్నెట్ రకం. దాన్నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనం. మామూలు సాకెట్‌లో పెడితే దోమ పాడినట్టు ఉంటుంది. ఫోనో ఇన్‌పుట్ అని వేరే సాకెట్ ఉన్న రిసీవర్ కావాలి, పక్కనే గ్రౌండ్ వైరు బిగించే స్క్రూ ఉండాలి. రికార్డులో ఉండేదే రెండు చానళ్ళు కాబట్టి ఐదు స్పీకర్లకు ఖర్చు పెట్టడం దండగ. ఆయన హాలుకు వాట్లు కూడా పెద్దగా అవసరం లేదు. ఇదంతా చెప్పి, డెమో కోసం అంగట్లోనే వాడిన ఒక స్టీరియో రిసీవర్ చూపించాను. ఫోనో అందులోనే ఉంది. డెమో పీసు కాబట్టి కొత్తదానికంటే బాగా తక్కువకు వస్తుంది.

"వాళ్ళు కొత్తది అమ్మాలని చూసినారు. నువ్వు పాతది అంటగట్టాలని చూస్తాండావు. అంతే గదా తేడా?"

వాదించలేదు. ఒకే రికార్డు మూడు రకాలుగా వినిపించాను. ఫోనో లేని హోమ్ థియేటర్‌లో గొంతు పీలగా వచ్చింది. దానికే ఫోనో ప్రీఆంప్ అనే చిన్న డబ్బా తగిలిస్తే బాగుపడింది గానీ, ఆ డబ్బా ఖర్చు అదనం. మూడోది ఈ డెమో పీసు. రెడ్డి కళ్ళు మూసుకుని విని, నన్ను కాకుండా డ్రైవర్ని అడిగాడు.

"మాబూ, నీకేమనిపిస్తాంది?"

"మూడోదాంట్లో మనిషి ఎదురుగా కూచోని పాడినట్టుండాది సామీ."

"అదే కట్టియ్" అన్నాడు రెడ్డి. నా మాటకు లేని విలువ మాబు మాటకు ఉందని అప్పుడు తెలిసింది.

బిగించడానికి వాళ్ళ ఊరికి నేనే వెళ్ళాను. గ్రౌండ్ వైరు బిగించగానే గుయ్యిమనే మోత ఆగిపోయింది. రెడ్డి కాసేపు విని చీనీకాయల తోటకు పోయాడు. ఆయన కోడలు రేణుక మజ్జిగ తెచ్చి ఇచ్చి, రిసీవర్ వైపు చూసింది.

"అన్నా, ఫోన్లో పాటలు ఇందులో వస్తాయా?"

వస్తాయని చెప్పి, బ్లూటూత్‌లో ఆమె ఫోను కలిపి చూపించాను. అత్తగారు కాలం చేసి చాన్నాళ్ళయింది. భర్త లారీల మీద తిరుగుతూ నెలలో సగం రోజులు ఊళ్ళో ఉండడు. అంత పెద్ద ఇంట్లో పాట వినిపించేసరికి ఆమె మొహం వెలిగింది.

కొన్నాళ్ళకు ఒక శనివారం రెడ్డి ఫోన్ చేశాడు. "కారు పంపిస్తాండా. స్క్రూడ్రైవర్లు తీసుకోని ఎక్కి రా."

కారులో కొత్త మనిషి ఉన్నాడు. మాబు ఏడని అడిగాను. "తీసేసినారు" అన్నాడు.

నేను లోపలికి పోగానే నా వెనకే గేటు మూసేశారు. వసారాలో రెడ్డి బంధువులు ఇద్దరు కూర్చుని ఉన్నారు.

"పెట్టె ఇప్పు" అన్నాడు రెడ్డి.

"ఏమైంది పెద్దాయనా?"

"ముందు ఇప్పు. అందులో మాటలు వినే మైకు యాడ పెట్టినావో, ఎవురు పెట్టమన్నారో తరవాత చెబుదువు."

మూత విప్పి ఒక్కొక్క బోర్డూ చూపించాను. ట్రాన్స్‌ఫార్మర్, ఫోనో బోర్డు, రేడియో. మైకు ఎక్కడా లేదు. బంధువుల్లో ఒకడు టార్చి వేసి మరీ చూశాడు.

"అయితే మాట యాడ్నుంచి వచ్చినట్టు?" అని రెడ్డి జరిగింది చెప్పాడు. ముందురోజు పొద్దున రికార్డు ఆడుతూ ఆడుతూ ఆగిపోయింది. స్పీకర్లలోంచి ఎవడో మగమనిషి మాట వచ్చింది. వెనక గాలి హోరు. రెడ్డి ఆ మాటలు పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

"సోమారం పెద్దాయన వాయిదాకు పోతాడు గదా. కారు కదిలినాంక నాకు ఫోన్ చెయ్యి. నేను తొండూరు కాడ బండి పెట్టుకోని ఉంటా. ఎవురికీ తెలియనీకు."

అంతే. మళ్ళీ రికార్డు మొదలైంది.

దాయాదులతో భూమి తగాదా మీద ఆయన పులివెందుల కోర్టుకు వాయిదాలకు తిరుగుతున్నాడు. చాలా ఏళ్ళ కిందట ఆయన అన్న ఇలాగే కోర్టుకు పోతుంటే దారి కాచి చంపారు. ఆ రోజు ఏ దారిన పోతున్నాడో బయటికి చెప్పింది ఇంట్లో పనిచేసే మనిషే. అలాంటి ఇంట్లో ఆ నాలుగు మాటలు చాలు. సోమవారం ప్రయాణం సంగతి తెలిసిన బయటివాడు మాబు ఒక్కడే. అందుకే అతన్ని ఆ పూటే పంపేశారు.

"వాడు, నువ్వు, ఇద్దరూ కలిసి అంగట్లోనే ఈ పెట్టెకు ఒప్పించినారు నన్ను. మూడోదే బాగుందన్యాడు గదా వాడు!"

అనుమానానికి లెక్కలన్నీ ఎంత చక్కగా కుదురుతాయో ఆ మాటతో అర్థమైంది.

కానీ నాకు విషయం తట్టింది. ఆ మోడల్‌లో, ఏది ఆడుతున్నా సరే, కలిపి ఉన్న ఫోన్లో శబ్దం మొదలైతే రిసీవర్ దానికి మారుతుంది, అది ఆగితే మళ్ళీ మొదటిదానికే వస్తుంది. ఎవరో వాయిస్ మెసేజ్ పెట్టారు. అది ఫోన్లో విందామని నొక్కితే స్పీకర్లలో వచ్చింది. ఆ రిసీవర్‌తో నేను కలిపిన ఫోను ఒక్కటే.

వంటింటి గడప దగ్గర రేణుక నిలబడి ఉంది. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

చెప్తే ఆ పిల్ల గతి ఏమవుతుంది? ఆ మగగొంతు ఎవరిదో నాకు తెలియదు. నాకే ఏవేవో ఆలోచనలు వచ్చాయి. ఏదో రేడియో స్టేషన్ మాట కలిసిందని అబద్ధం చెప్పొచ్చు. కానీ మాబు మీద పడిన మచ్చ అలాగే ఉండిపోతుంది. ఆ మచ్చతో అతను ఆ పల్లెల్లో బతకడం కష్టం.

"పెద్దాయనా, ఇది మైకు పని కాదు. ఫోన్లోంచి వచ్చిన మాట. మాబు ఫోను ఈ పెట్టెకు ఎప్పుడూ తగల్లేదు. అదొక్కటి ప్రమాణం చేసి చెప్తా."

"మరి ఎవురి ఫోను?"

నేను తలవంచుకుని మూత స్క్రూలు బిగించసాగాను.

"నిన్నే అడుగుతాండా!"

"నాది మామా" అంది రేణుక.

బంధువులు లేచి నిలబడ్డారు. రెడ్డి చెయ్యెత్తి వాళ్ళను ఆపాడు. ఆమె హాలు మధ్యకు వచ్చి ఫోను తీసి ఆ మెసేజ్ మళ్ళీ వినిపించింది. పంపింది జమ్మలమడుగులో ఉన్న ఆమె అన్న, మోటారుసైకిల్ మీద పోతూ మాట్లాడాడు. పెళ్ళికి ముందు ఆమె డీఎంఎల్‌టీ చదివింది. రక్తపరీక్షలు చేసే ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు అది. సోమవారం ప్రొద్దుటూరులో ఒక ల్యాబులో ఇంటర్వ్యూ ఉంది. మామ వాయిదాకు పోయాక ఆటోలో తొండూరు చేరితే, అక్కడినుంచి అన్న తీసుకుపోయి సాయంత్రంలోపు దింపుతాడు.

"మావోడికి తెలుసునా?" అన్నాడు రెడ్డి.

"తెలుసు. నాయనను నువ్వే అడుక్కో అన్యాడు."

"అడగకపోతివే? వద్దంటానని నీకెట్ల తెలుసు?"

"ఇంతవరకు దేనికి సరే అన్యారు మామా?"

రెడ్డి ఆ మాట దాటేసి, "నిన్న మాబును పంపిస్తాంటే చూస్తా నిలబడినావు గదమ్మా" అన్నాడు.

ఆమె ఏడ్చింది ఆ మాటకే. "భయమేసింది మామా" అంది.

నన్ను ప్రొద్దుటూరుకు పంపించేశారు. ఆ తర్వాత కొన్ని నెలలకు షుగరు పరీక్షకని ఒక ల్యాబుకు పోతే, నా చేతికి సూది గుచ్చింది రేణుకే. ఇంట్లో ఎలా ఉందని అడిగాను. "ఒప్పుకునేదానికి ముందు మామ రెండు వారాలు నాతో మాట్లాడలేదన్నా" అంది.

మాబు ఇప్పుడు ప్రొద్దుటూరులోనే ఒక బడి వ్యాను నడుపుతున్నాడు. ఒకరోజు అంగడి ముందు కనిపిస్తే పిలిచి, రెడ్డి మళ్ళీ రమ్మనలేదా అని అడిగాను.

"ఇంటికొచ్చినాడన్నా. మంచం మీద కూచున్యాడు, మాయమ్మ టీ ఇస్తే తాగినాడు. తప్పయిందని అన్లేదు. 'కారు దుమ్ము పట్టి ఉండాది మాబూ' అన్యాడు. ఆయన నోట్లోంచి అంతకంటే రాదని నాకూ తెలుసు."

"మరి పోలేదేం?"

"రేపు ఇంగో మాట యాడ్నో వింటాడు. విన్యాంక మొదట సూసేది నా మొగమే. ఆ సూపు ఒకసారి సూసినాన్నా, సాలు."

ఇప్పుడు ఏ ఇంట్లో రిసీవర్ బిగించినా ఇంట్లోవాళ్ళందరినీ ముందు కూర్చోబెట్టుకుంటాను. ఎవరి ఫోను కలిపానో, ఆ శబ్దం ఎలా వస్తుందో, ఎలా తీసెయ్యాలో అందరికీ చెప్పి గానీ లేవను. నా వృత్తిలో నేను చేయగలిగింది అంతే. రిసీవర్‌లో మాట ఎక్కడినుంచి వచ్చిందో కనిపెట్టడానికి ఆ రోజు నాకు అరగంట కూడా పట్టలేదు. ఆ అరగంట ఆగకుండా పంపేసిన మనిషిని మాత్రం రెడ్డి మళ్ళీ తెచ్చుకోలేకపోయాడు.