మూడు చుక్కల నూనె

మా మావయ్య పోయారన్న కబురు పోయిన బుధవారం మధ్యాహ్నం, నేను పనిచేసే పెనుమూడి బడికి వచ్చింది. రేపల్లె నుంచి వచ్చిన మనిషి తరగతి గుమ్మంలో నిలబడి చెప్పాడు. నేను వెంటనే నమ్మలేదు. ఎవరు చెప్పమన్నారు, ఎప్పుడు జరిగింది, నువ్వు కళ్ళారా చూశావా అని వరసగా మూడు ప్రశ్నలు వేశాను. అతను పాపం తెల్లబోయాడు. ఈ అలవాటు నాకు మావయ్య దగ్గర నుంచే వచ్చింది. ఆయనే నా చోట ఉంటే నాలుగోది కూడా అడిగి ఉండేవారు.

ఆయన మా అమ్మకు అన్న. తెనాలి స్టేషన్లో పార్సిలు గుమాస్తాగా ముప్ఫై ఏళ్ళు చేసి, రిటైరయ్యాక రేపల్లెలో మా వీధిలోనే ఉండేవారు. అన్నేళ్ళూ మూసిన పెట్టెల మధ్య బతికిన మనిషి. నెయ్యి అని రాసిన డబ్బాను వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టి, తల అడ్డంగా ఊపేవారు. "మూత మీద రాసింది పంపినవాడి మాట. లోపలున్నది మనం చూడాలి" అనేవారు. ఇంట్లోనూ అంతే. అత్తయ్య ఇచ్చిన కాఫీ గ్లాసులోకి ఒకసారి తొంగి చూస్తేగాని తాగేవారు కాదు. చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే ఆయన ఒక కన్ను తెరిచే ఉంచేవారని అత్తయ్య చెప్పేది. ఆ సంగతి అత్తయ్యకు ఎలా తెలిసిందో ఎవరమూ అడగలేదు.

అలాంటి మనిషిని వెంటబెట్టుకుని నేను సైకిలు కొనడానికి వెళ్ళాను.

పదేళ్ళ కిందటి మాట. పెనుమూడి బళ్ళో టీచరుగా కొత్తగా చేరాను. బస్సు ఉండేది గాని దానికీ బడి గంటకీ పొంతన లేదు. చిన్నప్పుడు వచ్చిన జ్వరంతో నా కుడి మోకాలు బలహీనపడింది. అద్దె సైకిలు మీద ఎదురుగాలిలో తొక్కి, కరకట్ట ఎక్కేచోట దిగి నెట్టుకుంటూ పోయేసరికి ప్రార్థన అయిపోయేది. నెలాఖరులోగా టైముకు రావడం మొదలుపెట్టకపోతే పై అధికారులకు రాయక తప్పదన్నారు హెడ్మాస్టరు గారు. నాన్న అయితే, రాయించుకునేదాకా ఎందుకు, నువ్వే మానేసి ఇంట్లో కూర్చో అన్నారు. నాకు ఆ ఉద్యోగం కావాలి. ఇంట్లో కూర్చుంటే ఇక లేవనివ్వరని నాకు తెలుసు.

బాపట్లలో ఒక నర్సు గారు రిటైరై తన సైకిలు అమ్ముతున్నారని అప్పుడే తెలిసింది. సీమ సరుకు, ఇంగ్లండు నుంచి వచ్చిన లేడీస్ సైకిలు. వెనక చక్రం నడిమధ్య ఉండే హబ్బులోనే మూడు గేర్లున్నాయట. మావయ్య, నేను తెనాలిలో రైలెక్కి వెళ్ళాం. ఆయన సైకిలు చుట్టూ రెండుసార్లు తిరిగి, వంగి చూశారు.

"గేర్లు ఏవండీ? కనపడవేంటి?"

"హబ్బులో ఉంటాయండి. లోపల" అన్నారు నర్సు గారు.

"మీరు చూశారా?"

"లేదండి. ఇరవై ఏళ్ళు తొక్కాను."

"అంత మంచి బండి ఎందుకు అమ్ముతున్నారు?"

"నా మోకాళ్ళు పోయినయ్యండి. బండికేం కాలేదు."

"మనది పల్లపు నేల. కొండల్లేని చోట గేర్లతో పనేంటండి?"

"గాలి ఉందిగా అండి" అన్నారావిడ.

నేను ఎక్కి చూశాను. సముద్రం వైపు నుంచి గాలి కొడుతోంది. హ్యాండిలు మీద చిన్న మీట వెనక్కి లాగగానే పెడలు తేలికైపోయింది. మోకాలు నొప్పి పెట్టకుండా గాలికి ఎదురు తొక్కడం నాకు అదే మొదటిసారి. తిరిగొచ్చేసరికి నవ్వు ఆపుకోలేకపోయాను. మావయ్య మాత్రం చక్రం గాల్లోకి ఎత్తి తిప్పి, చెవి పెట్టారు. లోపల టిక్ టిక్ మని చప్పుడు.

"ఏదో విరిగింది" అన్నారు.

"దాని చప్పుడే అదండి. అప్పుడప్పుడు ఈ చిన్న మూత తీసి కుట్టు మిషను నూనె నాలుగు చుక్కలు వెయ్యండి చాలు. హబ్బు మాత్రం ఇప్పించొద్దు" అన్నారు నర్సు గారు.

ఆ చివరి మాటతో ఆయన ముఖం మారిపోయింది. తెనాలి తిరిగి వచ్చేదాకా రైల్లో అదే గొణిగారు. "ఇప్పొద్దు అన్నారంటే లోపల ఏదో ఉందన్నమాటే. నా సర్వీసులో ఇప్పొద్దన్న పెట్టె ఏదీ మంచిది కాదమ్మాయ్."

మా వైపు పాత సైకిలు కొంటే ముందు షాపులో ఇచ్చి ఓవరాలింగు చేయించి, హబ్బుల నిండా గ్రీజు దట్టించడం ఆచారం. గ్రీజు ఎంత పెడితే అంత మంచి మేస్త్రీ. మావయ్య ఆ పనే చేయించారు. తెనాలిలో తెలిసిన మేస్త్రీ హబ్బు విప్పితే లోపల చిన్న చిన్న పళ్ళ చక్రాలు, వెంట్రుకంత స్ప్రింగులు. గేర్లు నిజంగానే ఉన్నందుకు మావయ్య కాస్త నిరుత్సాహపడ్డారనే నా అనుమానం. మేస్త్రీ అన్నీ తుడిచి, గ్రీజు కూరి, తిరిగి బిగించాడు. టిక్ టిక్ ఆగిపోయింది.

"చూశావా, జబ్బు కుదిరింది" అన్నారు మావయ్య. నేనూ సంతోషించాను.

సోమవారం పొద్దున కరకట్ట ఎక్కుతుంటే పెడళ్ళు ఉత్తినే గిర్రున తిరిగిపోయాయి. చక్రానికి పట్టు లేదు. పిల్లల పరీక్ష కాగితాలతో సహా పక్కకు పడ్డాను. మోకాలు వాచింది. బడికి వెళ్ళేసరికి గంట కొట్టేసి చాలాసేపయింది. హెడ్మాస్టరు గారు గోడ మీది క్యాలెండరు వైపు చూశారు.

ఆ సాయంత్రం మావయ్య చూడటానికి వచ్చారు. నాన్న ఆయనతో నెమ్మదిగా ఏదో మాట్లాడటం చూశాను. నాకు ఒక్కసారిగా అంతా అర్థమైపోయినట్టు అనిపించింది. బాగున్న బండిని విప్పించింది ఈయనే. నేను మానేస్తే నాన్నకు కావలసింది జరుగుతుంది.

"నాన్న చెప్తేనే చెడగొట్టించావు కదా మావయ్యా?" అన్నాను.

ప్రపంచంలో ఎవర్నైనా అనుమానించవచ్చునన్న ఆయన లెక్కలో తనను కూడా ఎవరైనా అనుమానిస్తారన్నది ఉన్నట్టు లేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు సెలవు పెట్టి బాపట్ల వెళ్ళారు. నర్సు గారితో తగువేసుకోవాలనే వెళ్ళారట. ఆవిడ ఒకే మాట అడిగారట, గ్రీజు పెట్టారా అని. తిరుగు రైల్లో రేపల్లె వచ్చి, మా వాకిట్లో చక్రం ఊడదీసి, గ్రీజుకు అంటుకుపోయి కదలకుండా ఉన్న ఆ చిన్న చక్రాలు, స్ప్రింగులు అన్నీ కిరసనాయిల్లో తానే కడిగారు. మధ్యలో ఒక స్ప్రింగు ఎగిరిపోతే వాకిలంతా చేత్తో తడిమి వెతికారు. బిగించి, సన్నమూతి నూనె డబ్బా తీసి చుక్కలు వేసి, చక్రం తిప్పారు. టిక్ టిక్ మంది.

"తప్పు నాదే అమ్మాయ్. పార్సిలు బాగానే ఉంది" అన్నారు. నేను సరే అన్నాను. అంతకుముందు అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఆ మరుసటి ఉదయం కరకట్ట మీద ఎవరో నిలబడి ఉన్నారు. దగ్గరకొస్తే మావయ్య, చేతిలో గడియారం. నేను దిగకుండా కట్టెక్కాను.

"ఇంకా పది నిమిషాలుంది. నీ బళ్ళో గడియారం సరిగ్గా నడుస్తోందో లేదో కనుక్కో" అని బస్సు కోసం వెళ్ళిపోయారు. నేను మళ్ళీ ఎప్పుడూ ఆలస్యంగా వెళ్ళలేదు. నెలాఖరుకు హెడ్మాస్టరు గారు పైకి ఏమీ రాయలేదు.

అప్పటి నుంచి ప్రతి శనివారం వచ్చేవారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు తెనాలి రైలు దిగి, తరవాత వీధి చివర నుంచి నడిచి. నేను వంటింట్లో ఉన్నా పిలిచేవారు. "ఇలా వచ్చి నించో. నువ్వు చూస్తుంటేనే వేస్తా." డబ్బా ఎత్తి చూపించి, ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెట్టి మూత పెట్టేవారు. నర్సు గారు నాలుగన్నారు కదా అంటే, ఎవరైనా ఒకటి ఎక్కువే చెప్తారనేవారు. చాదస్తం అనుకుని విసుక్కున్న రోజులు చాలా ఉన్నాయి.

ఆయన్ని సమాధుల తోటలో ఉంచి వచ్చాక, మొన్న శనివారం అత్తయ్య ఆ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఆయనకి నూనె ఒక లెక్క కాదమ్మా. నువ్వు చూడటమే కావాలి. ఇంటికొచ్చి, ఇవాళ కూడా పక్కనే నించుంది, కళ్ళారా చూసింది అని నాకు చెప్పిగాని అన్నానికి కూర్చునేవారు కాదు" అంది.

పదేళ్ళు. ఒక్క మాట, అది తప్పు మావయ్యా, నిన్ను నమ్ముతున్నాను అని ఉంటే ఆయన నూనె మానేసి లోపల కూర్చుని కాఫీ తాగేవారని కాదు గాని, కనీసం నన్ను పిలవకుండా వేసేవారు. నాకు చాలా సిగ్గుగా ఉంది.

అత్తయ్యను పక్కన నిలబడమన్నాను. డబ్బా ఎత్తి చూపించాను. ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెట్టి మూత పెట్టాను. చక్రం ఎత్తి తిప్పితే, అది ఆగేదాకా ఇద్దరం వింటూ నిలబడ్డాం.