మూత లేని ట్యాంకు

ఓరిన్ టెస్కే జీవితమంతా పాల ట్యాంకరు తోలాడు. విస్కాన్సిన్‌లో మా చుట్టుపక్కల డెయిరీల రోడ్లన్నీ ఆయన చక్రాల కింద అరిగినవే. పని మానేశాక మా గడ్డి రన్‌వే పక్కన ఒక షెడ్డులో విమానం కట్టడం మొదలుపెట్టాడు. తను కట్టిన విమానంలో ఒక్కసారి తలకిందులుగా ఎగరాలి. అంతే ఆయన కోరిక.

"ఎప్పుడెగురుతుందిరా?" అని పక్క షెడ్డు డెల్మర్ రోజూ అడిగేవాడు.

"మంగళవారం."

"ఏ మంగళవారం?"

"నువ్వు నోరు మూసుకున్న మర్నాడు."

చిక్కు పెట్రోలు గొట్టం దగ్గర వచ్చింది. మామూలు విమానంలో అది ట్యాంకు అడుగున కదలకుండా ఉంటుంది. విమానం తిరగబడితే పెట్రోలు అవతలి వైపుకు పోతుంది, గొట్టం గాలి పీలుస్తుంది, ఇంజిను ఆగుతుంది. అందుకే విన్యాసాలు చేసేవాళ్లు కొసన బరువున్న మెత్తటి గొట్టం పెడతారు. పెట్రోలు ఎటు పోతే అదీ అటే పడుతుంది.

మా ఆయన విమానమూ ఆ రన్‌వే దగ్గరే ఉండేది. చంకన పసిపిల్లతో ఓరిన్ షెడ్డుకు వెళ్లినప్పుడల్లా నాకు ఆగిన ఇంజినే కళ్లముందు మెదిలేది. పైగా రసాయనశాస్త్రం చదివినదాన్ని.

"పెట్రోలులో నానిన రబ్బరు ఏళ్లు గడిస్తే కర్రలా బిగుస్తుంది, ఓరిన్. గొట్టం మార్చుకోవడానికి ట్యాంకుకు చెయ్యి పట్టేంత మూతైనా పెట్టండి."

"మూత ఉన్నచోటే కారుతుందమ్మాయ్. పాలు మోసినవాడికా చెప్తావ్?"

"పోనీ, మామూలు గొట్టమే పెట్టండి."

"తిన్నగా ఎగరడానికైతే విమానం కొనుక్కునేవాణ్ణిగా!"

కుడి రెక్క ట్యాంకులో మామూలు గొట్టం, ఎడమ రెక్క ట్యాంకులో మెత్తటి గొట్టం పెట్టి, ట్యాంకులను రివెట్లతో శాశ్వతంగా బిగించేశాడు. పెట్రోలు పోసి చూశాడు. చుక్క కారలేదు. ఆ గర్వంలో అడుగున మిగిలింది తీయనే లేదు. ఎడమ రెక్కను స్టాండు మీద తిరగేస్తే లోపల బరువు టక్‌మనేది. వచ్చినవాళ్లందరికీ అది వినిపించేవాడు.

తర్వాత భార్య లొరేటా మంచాన పడింది. షెడ్డు మూతపడింది. ఆమె పోయాక, మా పాప బడికి వెళ్లే వయసులో, మళ్లీ తెరుచుకుంది.

రెక్కలు బిగించే రోజు అందరినీ పిలిచి ఎడమ రెక్కను తిరగేశాడు. చప్పుడు లేదు. మళ్లీ తిరగేశాడు. లేదు. అరచేత్తో రేకు మీద కొట్టాడు, నిద్ర లేపుతున్నట్టు.

డెల్మర్ ఈసారి వెక్కిరించలేదు. "ట్యాంకు కోసి, బిగుసుకుపోయిన గొట్టం మారుద్దాంరా. చలికాలం గడిచేలోపు మళ్లీ బిగిద్దాం."

ఓరిన్ చేతులు చాపి చూపించాడు. రెండూ వణుకుతున్నాయి. "ఇవి ఇంకో చలికాలం ఆగుతాయా?"

ఆ విమానం నిజంగానే ఒక మంగళవారం ఎగిరింది. తిన్నగా, కుదురుగా, ఊరి చుట్టూ ఒక చుట్టు. దిగగానే అందరం చప్పట్లు కొట్టాం.

"ఎలా ఉందిరా?" అన్నాడు డెల్మర్.

"పాల బండి తోలినట్టుంది."

తర్వాత వంగి, ఎడమ రెక్క అడుగున వేళ్లతో తడిమి, పొడిగా ఉన్న ఆ వేళ్లను నాకు చూపించాడు.

"చూశావా అమ్మాయ్, చుక్క కూడా కారలేదు."