జానెడు ఎత్తు మడ్‌ఫ్లాపు

ఉదయం ఆరూ పదికి మా అక్క నాకు రెండో గ్లాసు కాఫీ ఇచ్చింది. మా బావ లారీకి జరిగిన ఘోరానికి ఆ కాఫీ ఇచ్చిన హుషారే కారణమని చాలాకాలం చెప్పుకున్నాను. నిజానికి కారణం నేనే.

అప్పట్లో నేను పాకాలలో సైన్సు పంతుల్ని. వేసవి సెలవులకు చిత్తూరులో అక్క ఇంటికి వచ్చాను. బావకు ఒకే లారీ. మామిడికాయల కాలమంతా తోటల నుంచి గుజ్జు ఫ్యాక్టరీకి కాయ తోలేవాడు. ఆ ఉదయం వెనక చక్రాలకు బిగించే కొత్త మడ్‌ఫ్లాపులు ముందేసుకుని కూర్చున్నాడు. చక్రం వెనక వేలాడే రబ్బరు పలకలవి. వెనక వచ్చేవాడి ముఖాన బురద పడకుండా కాస్తాయి.

"నేను బిగిస్తా బావా" అన్నాను.

"నీకెందుకబ్బా? సొక్కా పాడైపోతాది."

"రెండు బోల్టులు బిగించేకి నాకు చేతకాదా?"

"సరేలే. నేలకు జానెడు ఎత్తులో ఉండల్ల. అంతే" అని బావ కూలీలను మాట్లాడటానికి బైకు మీద తోటకు వెళ్ళాడు.

పిచ్చోడి చేతిలో రాయి అంటారు. పంతులు చేతిలో పానా దానికి పెద్దన్న. టేపు పెట్టి కొలిచాను. రెండు వైపులా సరిగ్గా జానెడు. ఒక్కో బోల్టుకు రెండేసి నట్లు వేశాను. అదీ చాలక, బోల్టు కొసలను సుత్తితో కొట్టి చదును చేశాను.

అక్క చూసి, "మీ బావ నాకు తాళి కూడా ఇంత గట్టిగా కట్టలేదురా" అంది. మెచ్చుకోలు అనుకున్నాను.

లారీ ఖాళీగా ఉందన్న సంగతి మీరు గమనించే ఉంటారు. నేను గమనించలేదు. బరువు పెడితే స్ప్రింగు కిందికి దిగుతుందని ఏటా బోర్డు మీద బొమ్మ గీసి మరీ పిల్లలకు చెప్పేవాణ్ణి.

ఆ మధ్యాహ్నం మునెప్ప అనే రైతు లారీ నిండా తోతాపురి కాయ నింపాడు. లారీ కుంగింది. జానెడు ఎత్తు నాలుగు వేళ్ళయింది. నన్ను నమ్మి బావ వెనక్కి వెళ్ళి చూడలేదు.

మునెప్పా నేనూ కూడా లారీ ఎక్కాం. ఫ్యాక్టరీ ముందు రెండు రోజులు వరసలో నిలబడ్డాం. మూడో రోజు మా వంతు వచ్చేసరికి కాయ మెత్తబడింది. మునెప్పకు ఏడాదికి అదొక్కటే పంట.

"ఇంగొక పొద్దు ఆగితే రసం ఈడనే కారతాది. ఫ్యాక్టరీతో పనే లేదు" అన్నాడు.

బావ కాయ దించే గట్టు మీదికి లారీని వెనక్కి తీశాడు. "రానీ, రానీ" అని చెయ్యి ఊపింది కూడా నేనే. వాలు మొదట్లోనే ఫ్లాపు నేలకు ఆని, చక్రం దాని మీదికెక్కింది. మామూలు ఫ్లాపయితే ఊడి పడేది. నాది ఊడలేదు. తనను మోసే ఇనుప పట్టీని లాగింది. పట్టీ వెనక దీపాన్ని లాగింది. దీపం నంబరు పలకను పిలుచుకొచ్చింది, విందుకు ఒక్కరిని పిలిస్తే ఇంటిల్లిపాదీ వచ్చినట్టు. పట్టీ వంగి జంట చక్రాల మధ్య దూరింది. కదిపితే టైరు కోసుకుపోతుంది.

వెనక ట్రాక్టర్లన్నీ ఒక్కసారిగా హారను కొట్టాయి. కాపలాదారు పరుగెత్తుకొచ్చాడు.

"పది నిమిసాల్లో తీకపోతే వరస కొసకు పోవాల్సిందే!"

"కొసకు పోతే నా కాయ పెంటకుప్పకేనప్పా!" అని మునెప్ప తల పట్టుకున్నాడు.

బావ పానా తీసుకుని లారీ కింద దూరాడు.

"నట్టు తిరగదే! బోల్టు కొసకు ఏమైందబ్బా?"

"సుత్తితో కొట్టినాను బావా."

"యాలబ్బా?"

"దొంగలు విప్పకుండా."

లారీ కింద పానా నేలకేసి కొట్టిన చప్పుడైంది.

"దొంగోడే నయం" అంది బావ గొంతు. "వానికి విప్పేదన్నా తెలుస్తాది."

మునెప్ప వెనక ట్రాక్టరు నుంచి కొడవలి తెచ్చిచ్చాడు. బావ పడుకునే రబ్బరు కోశాడు. ఇద్దరూ కలిసి పట్టీ లాగేశారు. తొమ్మిదో నిమిషానికి లారీ గట్టెక్కింది. కాయంతా దిగేదాకా మునెప్ప నా వైపు చూడలేదు.

బావ మాత్రం తెగిన ముక్కను తిప్పి తిప్పి చూశాడు. "సూడబ్బా అయివోరా, లారీ ఊడింది గానీ నీ నట్టు ఊడలే" అన్నాడు. ఇంటికెళ్ళి అక్కతో రాయి తగిలిందని చెప్పాడు.

ఆ రాత్రే ప్రమాణం చేశాను: ఈ జన్మలో చక్రమున్న దేనికీ, పసిపిల్లల మూడు చక్రాల బండికైనా సరే, నట్టు బిగించను. ఇంతవరకు తప్పలేదు.

బావ పోయి రెండేళ్ళయింది. అక్క లారీ అమ్మేసింది. మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ కాయ తోలడం లేదు.