నాగూర్‌బీ వావిలాకు

తెనాలి మార్కెట్లో నాగూర్‌బీ ఆకులు అమ్మబట్టి ముప్ఫయ్యేళ్లు దాటింది. చుట్టుపక్కల ఎవరింట పురుడొచ్చినా, బాలింత స్నానానికి కాచే నీళ్లలోకి వావిలాకు ఆవిడ బుట్టలోంచే వెళ్లాలి. బాపట్ల దాటాక సూర్యలంక దారిలో ఆవిడ కోసుకొచ్చే పొదలున్నాయి. ఊదారంగు పూలుంటే వావిలిని ఎవరైనా పోలుస్తారు, అదేం గొప్ప? పూలు లేనప్పుడు పోల్చాలి. నాగూర్‌బీ ఆకు నలిపి వాసన చూసేది, అంతే. తన ముక్కుకి తిరుగులేదని కాస్త గర్వం కూడా ఉండేది. ఉండదా మరి!

కరోనా జ్వరం తగ్గాక ఆ ముక్కు కాస్తా పని మానేసింది. పొయ్యి మీద కూర మాడినా తెలియదు. ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆవిడ దగ్గర ఆకు కొనేదెవరు? తెలిసిన పొదలే కాబట్టి మూడేళ్లు ఎలాగో నెట్టుకొచ్చింది. మొన్న ఆ పొదల్ని ఎవరో పొక్లెయిన్ పెట్టి చదును చేసేశారు. చేసేది లేక రేపల్లె వెళ్లి, పెనుమూడి దగ్గర కృష్ణ ఒడ్డంతా వెతికి ఓ కట్ట కోసుకొచ్చింది. ఆకు అడుగున తెల్లగానే ఉంది. కానీ చాలా కాడలకి అయిదేసి ఆకులుండాల్సిన చోట మూడే ఉన్నాయి, పువ్వు ఒక్కటీ లేదు.

మర్నాడు పొద్దున్నే వావిలాకు కోసం కృష్ణవేణి వచ్చింది. కూతురు నాగజ్యోతికి ఆ రోజే పురిటి స్నానం. కట్ట అందించబోయిన నాగూర్‌బీ చెయ్యి ఆగిపోయింది. పచ్చి బాలింత ఒంటి మీద ఏ ఆకు నీళ్లు పడతాయో తనకే తెలియదు. భయమేసింది, సిగ్గేసింది.

“నా ముక్కు పోయి మూడేళ్లయింది తల్లీ. ఇది వావిలో కాదో నువ్వే చూసి చెప్పు,” అంది.

కృష్ణవేణి తెల్లబోయింది. ఈవిడ ఇచ్చింది తీసుకెళ్లడమే తప్ప తనకేం తెలుసునంది. నువ్వూ ఒకప్పుడు బాలింతవే కదా, నలిపి చూడమంది నాగూర్‌బీ. కృష్ణవేణి రెండాకులు నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఇదే మామ్మా. జ్యోతి పుట్టినప్పుడు మా అమ్మ నాకు పోసింది ఈ నీళ్లే.”

నాగూర్‌బీకి గుండెల మీంచి బరువు దిగింది. కట్ట తనే సంచిలో సర్దిపెట్టింది. కృష్ణవేణి వెళ్లబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఎలా ఉందో కాస్త చెప్పి వెళ్లు తల్లీ. ఆ వాసన నాకు గుర్తు రావట్లేదు.”